చేతులు కడిగినా జిడ్డు, వాసన పోవట్లేదా?

సమస్య: సబ్బు పెట్టినా చేతికి జిడ్డు, వాసన అలాగే ఉంటున్నాయి.

చాలామంది వెంటనే సబ్బు మార్చేస్తారు. తప్పు సబ్బుది కాదు, తొందరది. సబ్బు అణువుకు ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస జిడ్డును పట్టుకుంటుంది. ఆ రెండూ కలిసి మురికిని, దానిలోని క్రిములను చర్మం నుంచి ఊడదీస్తే నీళ్లు లాక్కుపోతాయి. ఆ పని జరగాలంటే రుద్దాలి, టైమ్ ఇవ్వాలి.

చేతులు తడిపి కుళాయి కట్టేయండి. సబ్బు పట్టించి కనీసం 20 సెకన్లు రుద్దండి. ఆటలాడి వచ్చిన పిల్లల చేతులు కడిగాక ఒకసారి పట్టి చూడండి: అరచేతులు మెరుస్తుంటాయి, బొటనవేలి మొదట్లో మాత్రం మట్టి చార అలాగే ఉంటుంది. పెద్దవాళ్లం కూడా అక్కడే వదిలేస్తాం. అందుకే బొటనవేలిని రెండో చేతి గుప్పిట్లో పట్టి తిప్పండి. వేళ్ల సందులు రుద్దండి. వేళ్ల కొనలను అరచేతిలో గీకితే గోళ్ల కిందికి కూడా నురగ వెళ్తుంది.

సమస్య: నురగే రావట్లేదు, సింక్‌లో తెల్లటి తెట్టు కడుతోంది.

నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి సబ్బుతో కలిసి తెట్టుగా మారతాయి. సబ్బు బిళ్లకు బదులు లిక్విడ్ హ్యాండ్‌వాష్ వాడి చూడండి. చాలా హ్యాండ్‌వాష్‌లలో ఉండేది అసలు సబ్బు కాదు కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ.

సమస్య: చర్మం పొడిబారి మండుతోంది.

చర్మం కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) సుమారు 5. సబ్బుది 9 నుంచి 10, అంటే క్షార గుణం. అందుకే అది చర్మానికి పడదు. పైగా వేడినీళ్లు చర్మంలోని నూనెను ఇంకా లాగేస్తాయి. చన్నీళ్లు చాలు, క్రిములను వదిలించడంలో తేడా ఏమీ రాదు. సబ్బు మిగలకుండా కడిగి, తడి పూర్తిగా ఆరకముందే క్రీమ్ రాయండి. పగుళ్లలోంచి రక్తం వస్తుంటే డాక్టర్‌కి చూపించండి.

సమస్య: హ్యాండ్‌వాష్ సీసా వాసన వస్తోంది.

అడుగున మిగిలినదాని మీదే కొత్తది పోస్తూ పోతే అందులో బ్యాక్టీరియా పెరగవచ్చు. ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టాకే నింపండి.

సమస్య: శానిటైజర్ రాసుకుంటున్నా ఇంట్లో అందరికీ వరుసగా వాంతులు, విరేచనాలు.

ఇలాంటప్పుడు వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ అనే వైరస్‌ను అనుమానించాలి. దాని మీద శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బు, నీళ్లే కావాలి. కడిగాక పొడి తువ్వాలుతో తుడుచుకోండి, తడి చేతికి క్రిములు సులువుగా అంటుతాయి. జబ్బుపడినవాళ్ల తువ్వాలు వేరుగా ఉంచండి.