మంచు చూడ్డానికి మన్యం ఎక్కేముందు

కార్తీకం నడిమికి వచ్చేసరికి విశాఖ బండ్లన్నీ కొండదారి పడతాయి. లంబసింగి, వంజంగి, అరకు, ఏదైనా మూడు నాలుగు గంటల ప్రయాణం. సముద్రం ఒడ్డున బయల్దేరినవాళ్లం దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకి చేరిపోతాం. తయారీ మాత్రం రుషికొండ బీచ్‌కి వెళ్లినట్టే ఉంటుంది. చాలామంది ఎక్కడానికి భయపడతారు గానీ, ఘాట్‌లో జరిగే నష్టమంతా దాదాపు దిగేటప్పుడే.

అన్నిటికన్నా చెడ్డ పద్ధతి అర్ధరాత్రి ఒంటిగంటకి విశాఖలో బయల్దేరి సూర్యోదయానికి వంజంగి చేరాలనుకోవడం. డిసెంబరులో ఇక్కడ తెల్లవారేది ఇంచుమించు 6.20కి. అంటే నిద్ర బాగా ముంచుకొచ్చే మూడు నాలుగు గంటల వేళకి మీ బండి మాడుగుల దాటి ఘాట్ మలుపుల్లో, పొగమంచులో ఉంటుంది. ముందురోజు మధ్యాహ్నమే బయల్దేరి, వెలుగుండగా ఘాట్ ఎక్కేసి, పాడేరులో పడుకోండి. శని, ఆదివారాల్లో అక్కడ గది దొరక్కపోతే చోడవరంలోనో నర్సీపట్నంలోనో ఆగిపోవడం మేలు. సాయంత్రం 5.30కే పొద్దు వాలిపోతుంది కనుక తిరుగుప్రయాణంలో కూడా అరకు నుంచి మూడున్నరకల్లా కదలాలి.

మేఘసముద్రం కోసమే వెళ్తుంటే వాతావరణం చూసుకుని వెళ్లండి. ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న రాత్రి నేల వేడంతా పైకి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారి, అక్కడే మబ్బుగా పేరుకుంటుంది. అందుకే కొండమీద నిలబడితే మబ్బు కాళ్ల కింద కనిపిస్తుంది. ముందురోజు ఆకాశం మూసుకుని ఉన్నా, గాలి గట్టిగా వీచినా ఆ దృశ్యం ఉండదు. కొండెక్కితే మనమే మబ్బులో ఉంటాం, నాలుగడుగుల అవతల ఏమీ కనపడదు. చలి కూడా ఈ లెక్కనే పనిచేస్తుంది. కొండ అంచుకన్నా పల్లంలో వేసిన గుడారానికే చలెక్కువ.

ఇక బండి. బయల్దేరడానికి వారం ముందే మెకానిక్‌కి చూపించండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. రెండేళ్లు దాటిన ఆయిల్ ఘాట్ వేడికి మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు పెడల్ స్పాంజిలా లోపలికి పోతుంది, బండి ఆగదు. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి, ఎక్కువచోట్ల రెండో గేరు సరిపోతుంది. బ్రేకు మీద కాలు అదేపనిగా ఆనించి ఉంచకండి. గట్టిగా తొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయాలి, మళ్లీ తొక్కాలి. ఆ వదిలిన కాసేపట్లోనే డిస్కులు చల్లారతాయి. పెట్రోలు కలిసొస్తుందని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో జారవిడిచేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంజను ఆగితే బ్రేకుకి అందే బలం పోతుంది, పవర్ స్టీరింగూ బిగుసుకుంటుంది. కాలిన వాసన వస్తే వెడల్పుగా ఉన్న చోటు చూసి ఆపి, అరగంట ఆగండి. ఎర్రగా కాగిన డిస్కు మీద నీళ్లు పోస్తే అది వంకర తిరుగుతుంది. బ్రేకు అసలే పట్టకపోతే పెడల్‌ని గబగబా కొడుతూ ఒక్కో గేరూ తగ్గించండి, హ్యాండ్‌బ్రేక్‌ని మెల్లగా లాగండి. చివరి ఉపాయంగా బండిని కొండవైపు గట్టుకి రాయించండి, లోయవైపు మాత్రం వద్దు.

గేర్లు లేని స్కూటీల మీద ఘాట్ దిగడం గురించి ఒకమాట. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే ఇంజను పట్టు చాలావరకు పోతుంది, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఇద్దరు కూర్చుని, బ్యాగులు తగిలించుకుని పాడేరు ఘాట్ దిగడానికి అది తగిన బండి కాదు. గేర్ల బైకు మీద వెళ్లేవాళ్లు గ్లోవ్స్ మరవకూడదు. మొద్దుబారిన వేళ్లు బ్రేకు లివర్‌ని సమయానికి పట్టుకోలేవు.

మంచులో హైబీమ్ వేస్తే వెలుగు వెనక్కి తిరిగి కళ్లలోనే కొడుతుంది, లోబీమ్ చాలు. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వెలిగిస్తే వెనకవాడికి మీరు ఆగారో తిరుగుతున్నారో అర్థం కాదు. మలుపుకి ముందే హారన్ కొట్టండి. ఎక్కే బండికి దారివ్వడం దిగేవాడి బాధ్యత.

చలిమంట దగ్గర మరో గండం ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. చలికి ఆగలేక నిప్పుల కుంపటిని గుడారంలోకో గదిలోకో తెచ్చుకుని తలుపు మూసుకుంటారు. పొగ రావడంలేదు కదా అనుకుంటారు. ఎర్రటి బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం, మగత వస్తాయి, ఆ మగతని మనం నిద్ర అనుకుంటాం. కుంపటి బయటే ఆరిపోవాలి. కారులో అద్దాలెత్తి, ఇంజను నడుపుతూ పడుకోవడంలోనూ ఇదే ప్రమాదం. చలికి తగినన్ని దుప్పట్లు మోసుకెళ్లడమే దీనికి మందు. వంజంగి నడక ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, పైన గాలికి ఆ తడి బనీనే చలి పుట్టిస్తుంది. పొడి బనీను ఒకటి సంచిలో ఉంచుకుని, పైకి చేరగానే మార్చుకోండి.

అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వస్తే ప్రయాణం మానుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది, కొండమీద కాఫీ తోటల నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు విరుచుకుపడ్డాయి. వాన ఆగింది కదా అని మర్నాడే బయల్దేరకూడదు. ఇక్కడి కొండల్లో ఎక్కువభాగం ఖోండలైట్ రాయి. ఇది చాలా లోతుదాకా శిథిలమై ఎర్రమట్టిగా మారి ఉంటుంది, నీరు పీల్చుకుని బరువెక్కి ఆలస్యంగా జారుతుంది. కనీసం రెండురోజులు ఆగండి. రోడ్డు మీద చిన్నరాళ్లు రాలి ఉన్నా, గట్టునుంచి బురదనీరు కొత్తగా కారుతున్నా, చెట్లు దారిమీదికి ఒరిగి ఉన్నా అక్కడ ఫొటోలకి ఆగొద్దు. అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీద కూడా బండరాళ్లు పడి రైళ్లు ఆగుతుంటాయి, స్టేషనులో కనుక్కుని బయల్దేరండి. రైల్లో తలుపు దగ్గర నిలబడి వీడియోలు తీసేవాళ్లకి సొరంగం గోడ ఎంత దగ్గరో లోపలికి వెళ్లేదాకా తెలీదు.

చాపరాయి, కటికి లాంటి జలపాతాల దగ్గర నీళ్లు తక్కువున్నా రాతి మీద పాచి ఉంటుంది. పైన వాన పడితే కింద ఎండగా ఉన్నా నీరు పెరగొచ్చు. నీళ్లు రంగు మారినా, ఎండుటాకులు కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా సామాన్లు వదిలేసి గట్టెక్కండి. బొర్రా గుహల్లో మెట్లు ఎప్పుడూ తడే, కాలికి పట్టున్న చెప్పులు కావాలి. బయట కోతులుంటాయి, తినుబండారాల కవరు చేత్తో పట్టుకుని నడవకండి.

చరిత్ర కోసం వెళ్లేవాళ్లకి వరస ముఖ్యం. లంబసింగి నుంచి పొద్దున్నే దిగి, కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి చూసి మధ్యాహ్నానికి నర్సీపట్నం చేరొచ్చు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆపై రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద రాజు దళం పడింది. ఈ దాడుల వెనకున్న కోపానికి కారణాల్లో నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేయించిన రోడ్డుపనీ ఒకటి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లచేత సరైన కూలి ఇవ్వకుండా ఆ పని చేయించాడు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులు దళం చేతిలో చనిపోయారు. పైనున్నవాడు కిందివాడికి కనపడని దారులివి. మలుపవతల బస్సు మనకి కనపడకపోవడమూ అందుకే.

బొంగులో చికెన్ కొనేటప్పుడు పెద్దముక్క విరిచి ఎముక దగ్గర చూడండి, గులాబీరంగు ఉంటే మళ్లీ మంటమీద పెట్టమనండి. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఫోన్‌పే పని చెయ్యదు, చిల్లర నోట్లు ఉంచుకోండి. మ్యాపును ముందే దింపుకోండి, అది చూపించే అడ్డదారుల్లోకి మాత్రం దిగకండి. దారిలో ముక్కూమొహం తెలియనివాడు ఇచ్చిన సంచి, పార్సిల్ ఏదీ బండిలో పెట్టుకోవద్దు. చెక్‌పోస్టుల్లో గంజాయి కోసం వెతుకుతారు, అది ఎవరి సంచో నిరూపించుకునే బాధ్యత మీ నెత్తిన పడుతుంది.

పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం వద్దు. కాలు కదలకుండా కర్రతో కట్టి, 108కి ఫోన్ చెయ్యండి. సిగ్నల్ లేకపోతే దగ్గరి ఆసుపత్రికే బండి తిప్పండి.

సాయంత్రం నుంచి తెల్లవారేదాకా నిండుచేతుల చొక్కా, దోమతెర వాడండి. మన్యంలో మెదడుకెక్కే రకం మలేరియా ఉంది. అది దోమ కుట్టిన మర్నాడే రాదు, వారం నుంచి నెలలోపు ఎప్పుడైనా రావచ్చు. గడ్డిలో కూర్చున్నవాళ్లకి స్క్రబ్ టైఫస్, అంటే కంటికానని సన్నపురుగు కుట్టి వచ్చే జ్వరం కూడా రావచ్చు. నడుముపట్టీ కింద, చంకలో, గజ్జల్లో సిగరెట్‌తో కాల్చినట్టు నొప్పిలేని నల్లటి మచ్చ ఉందేమో వెతకండి. తిరిగొచ్చిన నెలలోపు జ్వరం తగిలితే మాత్రలతో నెట్టుకురాకుండా, మన్యం వెళ్లొచ్చామన్న సంగతి డాక్టరుకి మొదటే చెప్పి, ఆ మచ్చ ఉంటే చూపించండి.