వైజాగ్ ఫ్లాట్‌లో వైన్ సీసా ఎక్కడ పెట్టుకోవాలి?

విదేశాల నుంచి వచ్చి వైజాగ్‌లో కొత్తగా కాపురం పెట్టేవాళ్ల సామానులో ఒకటో రెండో వైన్ సీసాలు ఉండటం మామూలే. విమానంలో మనిషికి 2 లీటర్ల వరకు సుంకం లేదు కదా. అక్కడైతే వాటిని బేస్‌మెంట్‌లో పడేసి మర్చిపోయేవాళ్లం. ఇక్కడ బేస్‌మెంట్ అంటే కార్ పార్కింగ్.

నేను వచ్చిన కొత్తలో సీతమ్మధారలో పై అంతస్తు ఫ్లాట్ తీసుకున్నాను. చీకటిగా ఉంటుంది, ఎవరూ కదపరని సీసాను వంటింటి అటక మీద పెట్టాను. మే నెలాఖరుకి దించి చూస్తే కార్క్ పైకి లేచి ఉంది, లేబుల్ మీద ఎర్రటి చార. రుచి చూస్తే అడుగంటిన జామ్! పైన శ్లాబ్ వేడి, కింద స్టవ్ సెగ. రెండు నెలలపాటు వైన్‌ని సన్నటి మంట మీద పెట్టినట్టే అయింది.

వైన్‌కి 12 నుంచి 14 డిగ్రీలు హాయి. పాతిక దాటితే త్వరగా పాడవుతుంది. మన ఊళ్లో చలికాలం రాత్రులు తప్ప పాతిక లోపు ఎప్పుడుంటుంది చెప్పండి? ఒక్క విషయంలో మాత్రం సముద్రం మనవైపే ఉంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కార్క్ ఎండిపోతుందనే టెన్షన్ తక్కువ. కాకపోతే లేబుల్‌కి బూజు పడుతుంది. తడి గోనెసంచి, మట్టికుండ చిట్కాలను నమ్ముకోకండి. అనంతపురం పొడిగాలిలో బాగా పనిచేసేవి ఇక్కడి ఉక్కపోతలో అంతగా చల్లబడవు.

ఏసీ గది మంచిదే అనిపిస్తుంది కానీ, రాత్రి 24, మధ్యాహ్నం 33 అయితే ఆ ఎగుడుదిగుడే వైన్‌కి చేటు. పడమటి గోడకు దూరంగా ఉన్న బీరువా కింది అరలో, దుప్పట్ల మధ్య, మూత ఉన్న థర్మోకోల్ పెట్టెలో పెట్టండి. పెట్టె కొత్తదే కొనండి. ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే పాత పెట్టెలో రొయ్యల వాసన ఎన్ని కడుగులు కడిగినా పోదు. పెట్టెలో చిన్న థర్మామీటర్ పెట్టి మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, తెల్లారి ఒకసారి చూడండి. రెండు మూడు డిగ్రీలకు మించి తేడా వస్తే చోటు మార్చండి.

మార్చి నుంచి జూన్ దాకా ఇది కూడా చాలదు. అప్పుడు మామూలు ఫ్రిజ్‌లో కూరగాయల ట్రేనే దిక్కు. అది వైన్‌కి కాస్త ఎక్కువ చల్లనే, అయినా ఉడికిపోవడం కంటే నయం. నాలుగైదు నెలలు నిశ్చింతగా ఉంటుంది. కార్క్ సీసాను పడుకోబెట్టండి, తిప్పే మూత ఉన్నదైతే నిలబెట్టినా ఫర్వాలేదు. చుట్టూ పేపరు చుట్టండి. అది వెలుతురు తగలకుండా. చుట్టాల కంట పడకుండా ఉండటం అదనపు లాభం.

ఏళ్ల తరబడి దాచాల్సిన ఖరీదైన సీసా అయితే మాత్రం ఇక్కడికి తేవద్దనే అంటాను. మిగతావి రెండు నెలల్లో తాగేలా కొనుక్కోండి. మూత తీసిన సీసా, రెడ్ వైన్ అయినా సరే, ఫ్రిజ్‌లోకే. మూడు నాలుగు రోజుల్లో అవగొట్టండి.

రెడ్ వైన్‌ని రూమ్ టెంపరేచర్‌లో తాగాలంటారు కదా, ఆ రూమ్ మనది కాదు. చలి దేశాల వాళ్ల లెక్కలో అది 16 నుంచి 18 డిగ్రీలు. బీరువాలోంచి తీసిన సీసాను ముందు ఓ గంటసేపైనా ఫ్రిజ్‌లో పెట్టండి.