హిమాలయన్‌కి ముందు షాకులు మార్చాక వచ్చే తలనొప్పులు: లక్షణం, కారణం, పరిష్కారం

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 మీద దూరాలు తిరిగేవాళ్లు ముందుగా చేయి పెట్టేది ముందు షాకుల (ఫోర్కు) మీదే. 2016లో వచ్చిన ఈ బండికి 41 మి.మీ. ఫోర్కు, 200 మి.మీ. ట్రావెల్ (ఫోర్కు పైకీ కిందికీ కదిలే దూరం), 21 అంగుళాల ముందు చక్రం. ఒక్కరే ఖాళీగా తిరిగితే కంపెనీ స్ప్రింగులతో పెద్ద ఇబ్బంది ఉండదు. వెనక ఒక మనిషి, రెండు పక్కలా పెట్టెలు, ముందు గార్డుకి కట్టిన పెట్రోలు క్యాన్లు చేరాక మాత్రం బ్రేకు పట్టగానే బండి ముక్కు నేలకి వంగుతుంది. అప్పుడు గట్టి స్ప్రింగులో, ప్రోగ్రెసివ్ (నొక్కేకొద్దీ గట్టిపడే) స్ప్రింగులో, చేతిలో ఇంకాస్త డబ్బుంటే కార్ట్రిడ్జ్ ఎమ్యులేటర్లో (నూనె నిరోధాన్ని సర్దే చిన్న వాల్వు) వేయిస్తారు. తీరా మొదటి రైడ్ అయ్యాక, దీనికంటే పాతవే నయం అంటారు.

నేను చూసినంతలో కొన్న సరుకులో లోపం ఉండటం అరుదు. యాక్సిల్ బిగింపు, స్పేసర్ (స్ప్రింగు మీద పెట్టే పైపు ముక్క) పొడవు, నూనె మట్టం, ఈ మూడింటిలోనే ఎక్కడో తేడా ఉంటుంది. వీటిని సరిచేయడానికి పెద్దగా ఖర్చు కాదు. కాబట్టి ఇంకో సెట్టు ఆర్డరు పెట్టేముందు వీటిని చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది రాసి పెట్టుకోండి. 2023లో వచ్చిన 450కి 43 మి.మీ. అప్‌సైడ్ డౌన్ ఫోర్కు ఉంటుంది. దాన్ని విప్పే పద్ధతి వేరు. కానీ కింద వివరించే శాగ్ కొలత, యాక్సిల్ సర్దుడు దానికీ పనికొస్తాయి.

పని మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. ఫోర్కు క్యాప్ కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. బండి బరువు ముందు చక్రం మీద ఉండగా క్యాప్ విప్పితే అది ఎగిరి మొహానికి తగులుతుంది. డబుల్ స్టాండ్ వేసి, ఇంజిన్ కింద జాకీ పెట్టి, చక్రం గాల్లో ఉండగానే విప్పాలి. అది కూడా పై టీ (ఫోర్కు పైపుల్ని పైన పట్టుకునే బిగింపు) బోల్టు వదులు చేశాకే, లేకపోతే క్యాప్ మర పట్టేసి కదలదు. రెండోది, క్యాలిపర్‌ని (బ్రేకు ప్యాడ్లుండే భాగాన్ని) బ్రేకు పైపుకి వేలాడనివ్వకండి, తాడుతో పైకి కట్టండి. పని అయ్యాక బండి కదిపేముందు బ్రేకు లివర్ గట్టిపడేదాకా నొక్కాలి. ప్యాడ్లు వెనక్కి జరిగి ఉంటే మొదటి నొక్కుకి బ్రేకు పడదు.

కొత్త స్ప్రింగులు వేసినా ముందు దిగిపోతూనే ఉంది

ముందు శాగ్ కొలవండి. శాగ్ అంటే బండి బరువుకీ, మనిషి బరువుకీ ఫోర్కు ఎంత లోపలికి దిగి నిలబడుతుందన్న లెక్క. ఫోర్కు పైపు చుట్టూ డస్ట్ సీల్‌కి ఆనేలా ఒక జిప్ టై బిగించండి. సామాను పెట్టి, పూర్తి రైడింగ్ గేర్‌తో బండి ఎక్కండి. కుదుపు లేకుండా కూర్చుని, అలాగే నెమ్మదిగా దిగండి. ఇప్పుడు బండిని డబుల్ స్టాండ్ మీదికి లేపి, చక్రం గాల్లోకి వచ్చాక సీల్ నుంచి జిప్ టై దాకా కొలవండి. సీళ్ల రాపిడి వల్ల ప్రతిసారీ కొద్దిగా తేడా వస్తుంది. అందుకని రెండు మూడు సార్లు కొలిచి సగటు తీసుకోండి.

200 మి.మీ. ట్రావెల్‌లో 30 శాతం, అంటే సుమారు 60 మి.మీ. వస్తే టూరింగ్‌కి బాగుంటుంది. 80 వస్తోందంటే ప్రీలోడ్ (స్ప్రింగుని ముందే నొక్కి ఉంచిన మేర) తక్కువైంది. పాత స్పేసర్నే కొత్త పొట్టి స్ప్రింగు మీద పెట్టేస్తే జరిగేది ఇదే. సాదా స్ప్రింగుకైతే స్పేసర్ ఎన్ని మిల్లీమీటర్లు పెంచితే శాగ్ దాదాపు అన్ని మిల్లీమీటర్లు తగ్గుతుంది. 80ని 60కి తేవాలంటే 20 మి.మీ. స్పేసర్ చాలు. ప్లంబింగ్ షాపులో దొరికే మందం పీవీసీ పైపు ముక్కని అడ్డంగా, వంకర లేకుండా కోసి, స్ప్రింగుకీ దానికీ మధ్య ఒక వాషర్ వేస్తే సరిపోతుంది. వంకరగా కోస్తే స్ప్రింగు ఒక పక్కకి ఒరిగి లోపల గీసుకుంటుంది. స్పేసర్ మరీ పెంచితే పూర్తి ట్రావెల్ రాకముందే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలి బిగుసుకుపోతాయి, అది కూడా చూసుకోవాలి.

ఇక్కడ చాలామందికి ఒక భ్రమ ఉంది. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగు గట్టిపడదు, బండి ఎత్తు మాత్రమే మారుతుంది. మనిషి ఎక్కితే 60 దిగుతోంది కానీ ఖాళీ బండి అసలు దిగడం లేదంటే, మెత్తటి స్ప్రింగుని ప్రీలోడ్‌తో బలవంతంగా నిలబెట్టారని అర్థం. అప్పుడు నిజంగానే స్ప్రింగు మార్చాలి. పెట్టె మీద ఏం రాసున్నా వెర్నియర్‌తో తీగ మందం కొలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య అవే ఉంటే స్ప్రింగు గట్టితనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 4 మి.మీ. తీగ 4.2 అయితే సుమారు 22 శాతం గట్టిపడుతుంది. కంటికి ఆ తేడా కనిపించదు, చేతులకి తెలుస్తుంది.

ప్రోగ్రెసివ్ స్ప్రింగులో దగ్గర చుట్లు పైకి పెట్టాలా కిందికి పెట్టాలా అని పెద్ద పెద్ద వాదనలు జరుగుతుంటాయి. ఎటు పెట్టినా గట్టితనం మారదు. తయారీదారు చెప్పినట్టు పెట్టి, ఫోర్కు రెండు కాళ్లలోనూ ఒకే వైపు ఉండేలా చూస్తే చాలు.

చిన్న గతుకు కూడా మణికట్టుకి కొడుతోంది

ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. దీనికి అందరూ స్ప్రింగునే తిడతారు. నేనైతే మొదట యాక్సిల్ చూస్తాను.

చక్రం బిగించేటప్పుడు ఫోర్కు రెండు కాళ్లూ సమాంతరంగా లేకపోతే పైపులు బుష్‌లకి (అవి జారే లోపలి రింగులకి) ఒరుసుకుంటాయి. పెద్ద గుంతలో ఆ దెబ్బకి ఎలాగో కదులుతాయి, చిన్న గతుకులో మాత్రం కర్రలా బిగుసుకుంటాయి. పరిష్కారానికి పది నిమిషాలు పట్టదు. యాక్సిల్ నట్టు బిగించి, పించ్ బోల్టు (యాక్సిల్‌ని ఒక కాలికి పట్టి ఉంచేది) మాత్రం వదులుగా ఉంచండి. బండిని స్టాండ్ మీంచి దింపి, ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్ మీద బరువేసి ఐదారు సార్లు గట్టిగా ఊపండి. పించ్ బోల్టు వైపు కాలు యాక్సిల్ మీద ఒక వెంట్రుకవాసి జరిగి తన చోటు తాను వెతుక్కుంటుంది. అప్పుడు పించ్ బోల్టు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించండి. ఈ ఊపుడు లేకుండా వరసగా అన్నీ బిగించేసే మెకానిక్కులే ఎక్కువ. పక్కన నిలబడి అడిగి చేయించుకోండి, మొహమాటపడొద్దు.

అయినా తగ్గకపోతే నూనె మట్టం చూడాలి. ఫోర్కు పైభాగంలో ఉండే గాలి కూడా ఒక స్ప్రింగే. నూనె ఎక్కువైతే గాలికి చోటు తగ్గి, ట్రావెల్ చివర్లో ఫోర్కు రాయిలా అవుతుంది. లావు తీగ కొత్త స్ప్రింగు తానే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పాత కొలతలో ఇన్ని మిల్లీలీటర్లని నూనె పోస్తే గాలి చోటు అక్కడికక్కడే తగ్గిపోతుంది. ఈ సైజు పైపులో పది మిల్లీలీటర్ల నూనె అటూ ఇటూ అయితే మట్టం సుమారు పది మిల్లీమీటర్లు మారుతుంది. కొలత గ్లాసుతో పోసి వదిలేస్తే కుదరదు. స్ప్రింగు బయటికి తీసి, ఫోర్కుని పూర్తిగా కిందికి నొక్కి, లోపలి బుడగలు పోయేదాకా మెల్లగా పంపు కొట్టాక, పైపు అంచు నుంచి నూనె పైభాగం దాకా కొలవాలి. పెద్ద సిరంజికి సెలైన్ ట్యూబు తగిలించి, కావలసిన లోతు దగ్గర ట్యూబుకి గుర్తు పెట్టండి. కాస్త ఎక్కువే పోసి, గుర్తు దాకా దించి లాగితే అదనపు నూనె వచ్చేస్తుంది. కొత్త స్ప్రింగు తయారీదారు వేరే మట్టం చెప్పి ఉంటే దాన్నే పాటించండి.

మూడో కారణం చిక్కటి నూనె. బండి ఊగుతోందని ఎవరో 20 గ్రేడ్ పోయిస్తారు. మామూలు డ్యాంపర్ రాడ్ (లోపల ఉండే రంధ్రాల కడ్డీ) ఫోర్కులో నూనె కొన్ని రంధ్రాల గుండానే పోతుంది. రంధ్రం మారదు కాబట్టి ఫోర్కు కదిలే వేగం రెట్టింపైతే నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. బ్రేకు పట్టినప్పుడు ఫోర్కు నెమ్మదిగా దిగుతుంది, అక్కడ నిరోధం చాలదు. గుంత అంచు తగిలినప్పుడు విసురుగా కదులుతుంది, అక్కడ నిరోధం మితిమీరుతుంది. నూనె చిక్కబడితే మొదటిది కాస్త బాగుపడి రెండోది భరించలేనిదవుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడ్‌కి తిరిగి రండి. ఒక కంపెనీ 10, ఇంకో కంపెనీ 10 ఒకేలా ఉండవు. డేటా షీటులో 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) అంకె చూసి పోల్చుకోండి.

ఎమ్యులేటర్ వేయించినవాళ్లకి ఇంకొకటి. అది డ్యాంపర్ రాడ్ తల మీద కూర్చుని, కిందికి దిగేటప్పటి నిరోధాన్ని తన వాల్వుతో తాను చూసుకుంటుంది. ఆ పని దానికి దక్కాలంటే రాడ్‌కి కింది భాగంలో ఉన్న పాత రంధ్రాలని పెద్దవి చేసి, అదనంగా కొన్ని వేయాలి. డ్రిల్లింగ్ మానేసి ఊరికే పైన కూర్చోబెడితే పాత రంధ్రాలే అడ్డుపడతాయి, డబ్బులు దండగ. రంధ్రాలు సరిగ్గానే ఉన్నా కొడుతోందంటే ఎమ్యులేటర్ చిన్న స్ప్రింగు బిగింపుని అర చుట్టు వదులు చేసి చూడండి.

బండి పడవలా ఊగుతోంది, స్పీడ్ బ్రేకర్ దాటాక కూడా ఆగదు

స్ప్రింగు గట్టిపడితే అది వెనక్కి తన్నే బలమూ పెరుగుతుంది. ఆ తన్నుని ఆపాల్సిన రీబౌండ్ (ఫోర్కు తిరిగి పైకి లేచేటప్పటి) నిరోధం పాతదే. హ్యాండిల్ మీద గట్టిగా నొక్కి వదలండి. ముందు భాగం ఒక్కసారి లేచి, కొద్దిగా దిగి ఆగిపోవాలి. రెండో ఊపు వచ్చిందంటే నూనె ఒక మెట్టు చిక్కబరచాలి. ఎమ్యులేటర్ ఉన్నవాళ్లు దీన్ని ధైర్యంగా చేయొచ్చు, ఎందుకంటే అక్కడ నూనె గ్రేడ్ ప్రధానంగా రీబౌండ్‌నే మారుస్తుంది. లేనివాళ్లు 5 నుంచి 10కో, 10 నుంచి 15కో వెళ్లి ఆగాలి.

దీనికి వ్యతిరేకం కూడా ఉంది. అరకు ఘాట్‌లోనో మారేడుమిల్లి దారిలోనో వరస గతుకుల మీద మొదటి రెండు బాగానే దాటి, తర్వాత ఒక్కోదానికి ముందు భాగం ఇంకా ఇంకా కిందికి దిగిపోతుంటే రీబౌండ్ ఎక్కువైందన్నమాట. ఫోర్కు పైకి లేచేలోపే తర్వాతి గతుకు వచ్చేస్తోంది. నూనె పలచన చేయండి.

బ్రేకు పట్టినప్పుడు టక్ మంటోంది

కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) వదులైతే సరిగ్గా ఇదే శబ్దం వస్తుంది. షాకుల పని చేసేటప్పుడు పై టీ కదిలించి ఉంటే దీన్నే మొదట అనుమానించండి. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకీ వెనక్కీ తోస్తూ, ఇంకొకరిని కింది టీకీ ఫ్రేముకీ మధ్య సందులో వేలు పెట్టి చూడమనండి. అక్కడ కదలిక తగిలితే కోన్ సెట్. ఫోర్కు పైపు, సీల్ కలిసే చోట తగిలితే లోపలి బుష్. రెండు చోట్లా లేకుంటే క్యాలిపర్‌లో ప్యాడ్ల చప్పుడు అయ్యుంటుంది. కోన్ సెట్‌ని మరీ బిగించినా ఇబ్బందే. చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్‌ని మధ్య నుంచి కొద్దిగా తోస్తే తనంతట తాను పక్కకి పడిపోవాలి. నేరుగా ఉన్నచోట ఒక గాడిలో పడినట్టు ఆగుతోందంటే ఆ బేరింగ్ మార్చాల్సిందే.

స్పీడ్ బ్రేకర్ దిగాక చక్రం జారినప్పుడు టక్ మంటే కథ వేరు. ప్రీలోడ్ ఎక్కువై, లేదా రీబౌండ్ తక్కువై ఫోర్కు పూర్తిగా సాగి తగులుతోంది. శాగ్ మళ్లీ కొలవండి.

సీల్ దగ్గర నూనె కారుతోంది

కొత్త సీలే కారుతుంటే మళ్లీ కొనేముందు డస్ట్ సీల్ కిందికి జార్చి, పాత కెమెరా ఫిల్ము ముక్కనో, అంత పలచటి ప్లాస్టిక్‌నో చిన్న కొక్కెంలా కత్తిరించి ఆయిల్ సీల్ పెదవి కిందికి దూర్చి చుట్టూ తిప్పండి. ఇసుక రేణువు ఉంటే బయటికొస్తుంది, కారడం ఆగిపోతుంది. ఆగకపోతే పైపు మీద గోరు ఆనించి నెమ్మదిగా జరపండి. గోరుకి తగిలిన గీత అంచుని 2000 నంబరు ఎమరీతో నూనె రాసి సాపు చేయాలి. సీల్ ఎక్కించేటప్పుడు పైపు అంచుకి నూనె పూసిన పలచని ప్లాస్టిక్ సంచి తొడిగితే పెదవి కోసుకోదు. బ్రేకు డిస్కు మీద నూనె పడి ఉంటే ప్యాడ్ల సంగతి తేలేదాకా బండి తీయకండి.

హ్యాండిల్ బరువైంది, లేదా వేగంలో వణుకుతోంది

గట్టి స్ప్రింగుతో ముందు భాగం పాత ఎత్తు కంటే పైన నిలబడుతుంది. దాంతో బండి తిరగడానికి బద్ధకిస్తుంది. శాగ్ సరిగ్గా ఉన్నా అలాగే ఉంటే పైపుల్ని టీలలో 5 మి.మీ. పైకి జరపండి, రెండూ సమానంగా. అంతకంటే ఎక్కువ జరిపితే ఫోర్కు పూర్తిగా దిగినప్పుడు చక్రం పైన దేనికైనా తగులుతుందేమో చూసుకోవాలి. మరీ జరిపితే బండి చురుగ్గా తిరుగుతుంది కానీ హైవే మీద నిలకడ పోతుంది. వణుకుకి మాత్రం షాకుల్ని అనుమానించేముందు టైరు అరుగుదల, కోన్ సెట్, వెనక టాప్ బాక్సులో బరువు చూడండి. ముందు గట్టిపడి వెనక మెత్తగా కూర్చుంటే ముందు చక్రం తేలికవుతుంది. వెనక ప్రీలోడ్ రెండు మెట్లు పెంచితే చాలాసార్లు అక్కడితో తేలిపోతుంది.

లద్దాఖ్ ఎక్కాక షాకులు బిగుసుకున్నాయి

చలికి నూనె చిక్కబడటం ఒక కారణం, ఉదయం కాసేపు నడిపితే అది సర్దుకుంటుంది. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. హైదరాబాద్‌లో మూత బిగించిన ఫోర్కులో అక్కడి గాలి ఒత్తిడే ఉంటుంది. 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా దగ్గర బయటి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానికి సుమారు సగమే. ఆ తేడా 41 మి.మీ. పైపుల మీద పని చేస్తే రెండు కాళ్లకీ కలిపి పది కిలోల దాకా అదనపు బలం పైకి తోస్తుంది. శాగ్ ఆ మేరకు తగ్గుతుంది, వీక్ సీల్ ఉంటే అక్కడే కారడం మొదలవుతుంది. క్యాప్ మీద గాలి వదిలే స్క్రూ ఉన్న ఫోర్కైతే చక్రం గాల్లోకి లేపి ఒక్క క్షణం తిప్పి వదలండి. స్క్రూ లేకపోతే రోడ్డు పక్కన క్యాప్ విప్పే సాహసం వద్దు. ఇంటి దగ్గరే శాగ్ ఐదారు మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టుకుని బయల్దేరడం నయం. పైన గాలి వదిలినవాళ్లు మైదానానికి దిగాక అదే స్క్రూ ఇంకోసారి తిప్పాలి. లేదంటే లోపల ఒత్తిడి తక్కువై, ఈసారి ముందు భాగం దిగిపోయి కనిపిస్తుంది.