టెంట్ దగ్గర కాఫీ: స్టవ్ వెలిగించకముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

ఆరుబయట మకాం వేసినప్పుడు కాఫీ పెట్టేది ఎక్కువగా తెల్లవారుజామునే. ఒళ్లంతా చలి, కళ్లలో ఇంకా నిద్ర, వేళ్లు సరిగ్గా వంగవు, వెలుతురు చాలదు. సరిగ్గా అప్పుడే మంట వెలిగించాలి, నీళ్లు మరిగించాలి, ఎగుడుదిగుడు నేల మీద గిన్నె నిలబెట్టాలి. కాఫీ చెడేదీ, చెయ్యి కాలేదీ ఆ కాసేపట్లోనే. అందుకని నేను గట్టిగా చెప్పేది ఒకటే: పొద్దున కాఫీకి సంబంధించిన పని రాత్రి పడుకునే ముందే ముప్పాతిక అయిపోవాలి. పొద్దుటికి మంట వెలిగించడం, నీళ్లు పోయడం మాత్రమే మిగలాలి.

ఆ మాటకొస్తే పని ఇంట్లోనే మొదలవుతుంది. 250 మిల్లీలీటర్ల కప్పుకు సుమారు 15 గ్రాముల పొడి పడుతుంది. ఇంట్లో త్రాసు ఉంటుంది, కొండ మీద ఉండదు. కాబట్టి ఒక్కో కప్పుకు సరిపడా తూచి, గాలి చొరబడని చిన్న కవర్లలో విడివిడిగా పెట్టుకోండి. తూచడం కుదరకపోతే టేబుల్ స్పూన్‌తో సమంగా మూడు చెంచాలు. చేత్తో తిప్పే చిన్న గ్రైండర్ మోసుకెళ్లే ఓపిక ఉంటే గింజలే తీసుకెళ్లండి, రుచిలో తేడా మొదటి గుక్కకే తెలుస్తుంది. రాత్రి పట్టుకుని గట్టిగా మూసిపెట్టిన పొడి తెల్లారేసరికి ఏమంత చెడదు. పొడికి తేమ తగలకుండా చూసుకోండి. తడి చెంచా పెట్టారంటే ఆ కవరులోది ఇక పనికిరాదు.

పడుకునే ముందు పొడి, కప్పు, చెంచా, లైటర్, మసిగుడ్డ, అన్నీ ఒకే సంచిలో చేతికందేచోట ఉండాలి. రాత్రికి నీళ్లు గడ్డకట్టేంత చలి ఉంటే పొద్దుటి నీళ్లు గిన్నెలోనే పోసి మూతపెట్టండి. సీసాలో గడ్డకట్టిన నీళ్లను బయటికి తీయలేరు. గిన్నెలోని గడ్డనైతే నేరుగా పొయ్యి మీద పెట్టి కరిగించుకోవచ్చు. తలకు పెట్టుకునే లైటు దిండు పక్కనే ఉండాలి. ఒక చేత్తో ఫోన్ లైటు పట్టుకుని ఇంకో చేత్తో మరిగే నీళ్లు వంచడం ఒద్దు.

స్టవ్, మంట

అన్నిటికంటే ముందు ఇది: టెంట్ లోపల స్టవ్ వెలిగించకూడదు. వాన పడుతున్నా, మంచు కురుస్తున్నా, జిప్ సగం తెరిచి ఉంచినా సరే. కారులోనూ అంతే. ఏ ఇంధనమైనా గాలి చాలక సగం సగం మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, తలతిరుగుడు, మగతతో మొదలవుతుంది. ఎత్తైన కొండల్లో ఇవే లక్షణాలు పలచని గాలి వల్ల కూడా వస్తాయి కాబట్టి ఏదో ఎత్తు పడలేదులే అనుకుని అక్కడే పడుకునే ప్రమాదం ఉంది. అనుమానం వచ్చిన క్షణమే అందర్నీ లేపి బయటి గాలిలోకి తీసుకురండి. బొగ్గుల కుంపటి మరీ మోసం చేస్తుంది. మంట ఆరి బూడిద కప్పేసినా లోపల కణికలు ఈ వాయువును వదులుతూనే ఉంటాయి. వెచ్చదనం కోసం దాన్ని టెంట్‌లోకి తెచ్చుకుని ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లున్నారు.

చిన్న గ్యాస్ డబ్బా మీద బిగించే స్టవ్‌లనే ఎక్కువమంది వాడతారు, వాటి సంగతి కాస్త వివరంగా తెలుసుకోవాలి. డబ్బాలో గ్యాస్ ద్రవంగా ఉంటుంది. అది ఆవిరిగా మారుతూ డబ్బాలోని వేడిని లాక్కుంటుంది. అందుకే మండుతుండగానే డబ్బా చల్లబడి, పైన తేమ పట్టి, ఒక్కోసారి తెల్లగా మంచు కూడా పేరుకుంటుంది. మంట చిన్నదవుతూ వస్తుంది. బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 వరకు పనిచేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా. చలి ప్రాంతానికి వెళ్తుంటే డబ్బా మీద రాసింది చదివి ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసినదే కొనండి. రాత్రి స్టవ్ నుంచి విప్పి, మూత పెట్టి, స్లీపింగ్ బ్యాగులో మీతో పాటే ఉంచుకోండి. పొద్దున మంట లేవకపోతే డబ్బాను చొక్కా లోపల కాసేపు పెట్టుకోవచ్చు, గోరువెచ్చని నీళ్లున్న పళ్లెంలో నిలబెట్టవచ్చు. మంట దగ్గర పెట్టి వేడి చేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

గాలికి మంట నిలవడం లేదని స్టవ్ చుట్టూ రేకు కట్టేస్తుంటారు. డబ్బా నేరుగా స్టవ్ కిందే ఉండే రకానికి ఇది చాలా ప్రమాదం. వేడి లోపలే తిరిగి డబ్బా కాగిపోతుంది, పేలవచ్చు. మరీ వెడల్పైన గిన్నె పెట్టినా వేడి కిందికే కొడుతుంది. గాలి వచ్చే వైపు మాత్రమే, కాస్త ఎడంగా, బండరాయో సామాను సంచో అడ్డం పెడితే చాలు. మధ్యమధ్యలో డబ్బాను ముట్టుకుని చూడండి. చల్లగా ఉంటే భయం లేదు, వేడిగా తగిలితే వెంటనే ఆపేయండి.

డబ్బా బిగించాక వెలిగించే ముందు ఒక్క క్షణం చెవి దగ్గర పెట్టి వినండి. బుస్సుమనే శబ్దం వస్తే కారుతున్నట్టే. స్పిరిట్‌తో మండే స్టవ్ అయితే ఇంకో చిక్కు: పగటి వెలుతురులో దాని మంట దాదాపు కనిపించదు. ఆరిందనుకుని మళ్లీ ఇంధనం పోస్తే మంట సీసాలోకే ఎగబాకుతుంది. పూర్తిగా చల్లారాకే పోయాలి. కట్టెల పొయ్యి వేసుకునే వాళ్లు ఏటి ఒడ్డున నానిన రాళ్లను పొయ్యిరాళ్లుగా పెట్టకండి. లోపలి తేమ ఆవిరై రాయి పగిలి ముక్కలు ఎగురుతాయి. ఎండాకాలంలో మంట నిషేధం ఉందేమో బయలుదేరే ముందే కనుక్కోండి.

నీళ్లు

వాగు నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన మంచివని కాదు. కాఫీకి 90 నుంచి 96 డిగ్రీల వేడి చాలు కదా అని బుడగలు రాగానే దించేయకండి. సూక్ష్మజీవులు చావాలంటే తెర్లుతున్న నీళ్లు పూర్తిగా ఒక నిమిషం మరగాలి. సముద్ర మట్టానికి 2,000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు. ముందు మరిగించండి, తర్వాత దించి అర నిమిషం ఆగి పొడి మీద పోయండి. ఆరోగ్యం, రుచి రెండూ దక్కుతాయి. రసాయనాలు కలిసిన నీళ్లు మాత్రం మరిగించినా బాగుపడవు. పొలాలు, గనులు, ఫ్యాక్టరీల దిగువన పారే నీళ్లు ముట్టుకోవద్దు.

శుద్ధి బిళ్లలు వేసిన నీళ్లతో కాఫీకి మందు వాసన వస్తుంది. చిటికెడు విటమిన్ సి పొడి వేస్తే అయోడిన్, క్లోరిన్ వాసన పోతుంది. కానీ బిళ్ల పనిచేయడానికి ప్యాకెట్ మీద చెప్పిన సమయం పూర్తయ్యాకే వేయాలి. ముందే వేస్తే బిళ్ల వేసి ప్రయోజనం ఉండదు.

పైకి వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, దాదాపు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున. 3,000 మీటర్ల ఎత్తులో సుమారు 90 డిగ్రీలకే తెర్లుతాయి. అక్కడ అర నిమిషం కూడా ఆగొద్దు. పొడి కాస్త మెత్తగా పట్టుకుని, కప్పు ముందే వేడి చేసుకుని, ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ నాననివ్వండి. లేకపోతే కాఫీ పలచగా, పుల్లగా వస్తుంది.

దేనితో పెట్టాలి

గిన్నె, చెంచా తప్ప ఏమీ లేకపోయినా మంచి కాఫీ వస్తుంది. నీళ్లు మరిగాక గిన్నెను మంట మీద నుంచి దించి, గట్టి నేల మీద పెట్టి, బరక పొడి వేయండి. పొడి పైకి తేలి గోధుమరంగు పొరగా కట్టుకుంటుంది, బుడగలు లేస్తాయి. నాలుగు నిమిషాలు మూతపెట్టి, తర్వాత చెంచాతో ఆ పొరను మెల్లగా తడితే పిప్పి కిందికి దిగడం మొదలవుతుంది. రెండు చెంచాల చన్నీళ్లు చిలకరించి ఇంకో నిమిషం ఆగి, గిన్నె కదలకుండా నిదానంగా వంచుకోండి. చిలకరించేది కూడా శుద్ధి చేసిన నీళ్లే అయ్యుండాలి. పొడి వేసిన గిన్నెను మళ్లీ మంట మీద పెడితే కాఫీ చేదెక్కుతుంది, పొంగి స్టవ్ మీద పడుతుంది.

నానిన పొడిని జాలీ ఉన్న నొక్కుడుతో అడుక్కి నొక్కే పాత్రే ఫ్రెంచ్ ప్రెస్; గాజుది ఇంట్లోనే ఉంచండి, స్టీలుదైతే తీసుకెళ్లొచ్చు. పొడి మెత్తగా ఉండి నొక్కుడు బిగుసుకుంటే బలం పెట్టకండి, వేడి డికాక్షన్ అంచుల నుంచి ముఖం మీదికి చిమ్ముతుంది. కాస్త పైకి లాగి మళ్లీ నెమ్మదిగా నొక్కాలి. 2005లో వచ్చిన ఏరోప్రెస్ (కాఫీని ఫిల్టర్ గుండా చేత్తో కిందికి నొక్కే గొట్టం) ప్లాస్టిక్‌ది కాబట్టి తేలిక, పగలదు. ప్రయాణానికి నా ఓటు దానికే. తలకిందులుగా పెట్టి చేసే పద్ధతి మాత్రం వంటింటి గట్టుకే పరిమితం చేయండి. వంకర నేల మీద అది పడిందంటే నిండు కప్పు మరుగు నీళ్లు కాళ్ల మీదే. మోకా పాట్ అంటే పొయ్యి మీద ఆవిరి ఒత్తిడితో కింది నీళ్లను పొడి గుండా పైకి తోసే పాత్ర; అందులో నీళ్లు పక్కనున్న సేఫ్టీ వాల్వ్ కిందికే ఉండాలి, పొడిని అదిమి కూరకూడదు, మంట సన్నగా ఉండాలి. వాల్వ్‌కు పాత మడ్డి పట్టిందేమో బయలుదేరే ముందు చూడండి.

మంట వేయకూడని చోట శుద్ధి చేసిన చన్నీళ్లలో రాత్రి బరక పొడి నానబెట్టి పొద్దున వడకట్టుకోవచ్చు. ఇన్‌స్టంట్ పొడి తీసుకెళ్లినా తప్పేమీ లేదు, తుఫాను రోజున అదే తెలివైన పని.

పాలు బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. చిన్న టెట్రా ప్యాకెట్ పాలో, పాలపొడో మేలు. ఫ్లాస్కులో డికాక్షన్ ఒక్కటే పోసి, పాలు తాగే ముందు కలుపుకోండి.

విమానం, కారు

గ్యాస్ డబ్బాలు విమానంలో చేతి సంచిలోనూ, లగేజీలోనూ కుదరవు. దిగిన చోటే కొనుక్కోవాలి. బ్యాటరీ గ్రైండర్‌కు వాడే పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి. హోటల్ గదిలో సొంత ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టే ముందు అక్కడి కరెంటు 110 వోల్టులా 230 వోల్టులా చూడండి. కారు నడుపుతూ వేడి కాఫీ తాగొద్దు. నిద్ర ముంచుకొస్తే బండి ఆపి, కాఫీ తాగి, 15-20 నిమిషాలు కునుకు తీసి, ఆ తర్వాతే బయలుదేరండి. కాఫీ ప్రభావం ఒంటికి తెలియడానికి దాదాపు అంత సమయం పడుతుంది.

కాలితే

స్టవ్ వెలిగించకముందే ఒక సీసా చల్లని నీళ్లు పక్కన పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. ఒలికితే తడిసిన బట్ట, ఉంగరాలు వెంటనే తీసేసి, 20 నిమిషాలు చల్లని నీళ్ల ధార కింద ఉంచాలి. బట్ట చర్మానికి అతుక్కుంటే లాగకండి. మంచు గడ్డ, టూత్‌పేస్టు, నూనె ఏవీ పెట్టకూడదు. బొబ్బలు చిదమవద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పండి. కాలింది పసిపిల్లలకైనా, ముఖం, చేతుల మీదైనా డాక్టరుకు చూపించాల్సిందే. పిల్లలు తిరిగేచోట స్టవ్ చుట్టూ ఒక గీత గీసి, లోపలికి రాకూడదని ముందే చెప్పండి.

మిగిలిన పిప్పిని వాగులో పారబోయకండి, చెట్టు మొదట్లో కూడా వద్దు. వాసనకు జంతువులు వస్తాయి. కవరులో కట్టి వెంట తీసుకెళ్లండి. కాఫీ పొడి కూడా తిండి సామాను కిందే లెక్క, ఎలుగుబంట్లు తిరిగే చోట దాన్ని టెంట్‌లో ఉంచకూడదు. గిన్నె కడిగే నీళ్లు ఏటికి కనీసం 60 మీటర్ల దూరంలో పారబోయాలి. స్టవ్ పూర్తిగా చల్లారిందని తేల్చుకున్నాకే డబ్బా విప్పి సంచిలో సర్దండి.