చేతి రంపం, నాలుగో పాఠం: రేకు నడుమ మామిడి పిందె

పోయిన పాఠంలో రేకు అంచు నుంచి లోపలికి కోశాం. ఈసారి అంచు తెగకూడదు. ఇత్తడి రేకు నడుమ మామిడి పిందె ఆకారంలో ఖాళీ తీయాలి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో బుట్టకమ్మలను వెలుతురుకేసి పట్టి చూడండి, ఆ సందులే మన పాఠం.

0.8 మిల్లీమీటర్ల మందం రేకు, 2/0 నంబరు సన్న రంపం బ్లేడు చాలు. పిందెను సన్న సూదితో గీసుకోండి. గీత లోపల, గీతకు కాస్త ఎడంగా, పంచితో (మొన ఉన్న ఉక్కు కడ్డీతో) చిన్న గుంట కొట్టి 1 మిల్లీమీటరు రంధ్రం వేయండి. గుంట లేకపోతే డ్రిల్లు జారి గీతను చెరిపేస్తుంది.

బ్లేడు కింది కొసను పిడి దగ్గర బిగించి, పై కొస వదిలేయండి. పళ్లు పిడివైపు చూడాలి. గుడ్డముక్కను పిడి నుంచి పైకి జరిపితే పళ్లు పట్టుకుంటాయి, అదే గుర్తు. ఇప్పుడు రేకును, గీత పైకి కనిపించేట్టు, రంధ్రం గుండా బ్లేడుకు ఎక్కించండి. ఫ్రేమును బల్లకు ఆనించి రొమ్ముతో కొంచెం నొక్కిపెట్టి పై మర బిగించండి. గోటితో మీటితే తీగలా టింగుమనాలి. మొద్దు శబ్దం వస్తే మళ్లీ బిగించాల్సిందే. వదులు బ్లేడు గీతమీద నిలవదు.

రంపం నిటారుగా పైకీ కిందికీ ఆడాలి, అంతే. కోత పడేది కిందికి లాగినప్పుడే. గీతను మిగిల్చి, దాని లోపలి అంచునే కోయండి. బ్లేడు వెనక కాస్త తేనెమైనం రాయండి.

వంపు దగ్గర నాకు పని నేర్పిన పెద్దాయన ఒకే మాట అనేవారు: "రంపాన్ని తిప్పొద్దు నాయనా, రేకును తిప్పు." బ్లేళ్లు ఎక్కువగా విరిగేది ఇక్కడే. ఎడమచేత్తో రేకును నిదానంగా తిప్పుతుంటే కుడిచెయ్యి తన ఆట ఆడుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందా, బ్లేడు ఇరుక్కుంటుంది.

పిందె ముక్కు అసలు పరీక్ష. ఒక్క ఊపున తిరగాలని చూస్తే ముక్కు గుండ్రబడుతుంది. నాకు నచ్చిన పద్ధతి వేరే: ఒక పక్క నుంచి ముక్కు కొస దాకా కోసి ఆగండి. రంపం ఆడిస్తూనే, తోయకుండా, వచ్చిన దారినే రంధ్రం దాకా వెనక్కి రండి. రెండో పక్క నుంచి కోసుకుంటూ వెళ్లి అదే కొసలో కలపండి. పొద్దు ఎక్కువ పడుతుంది, కానీ ముక్కు సూదిలా వస్తుంది.

లోపలి ముక్క రాలిపడ్డాక మర వదులుచేసి రేకు తీయండి. గీత చుట్టూతా కనిపిస్తుండాలి. ఎక్కడైనా మాయమైతే ఆ చోట గుర్తు పెట్టుకొని ఇంకో పిందె కోయండి. అయిదు పిందెలు పక్కన పెట్టుకోండి, వచ్చే పాఠంలో వాటి లోపలి అంచులకు సన్న ఆకురాయి పడదాం.