విదేశంలో కంపెనీ పెట్టేముందు కాగితాల్లో మీ పేరు సరిచూసుకోండి

బ్రిటన్‌లో చిన్న కంపెనీ రిజిస్టర్ చేద్దామనుకుంటే, అసలు టెన్షన్ ఫీజుతో కాదు, మన ఇంటిపేరుతో వచ్చింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాన్‌లో వెనకుంది, భీమవరంలో బ్యాంకు ఖాతాలో ఒక్క పొడి అక్షరమే. కరెంటు బిల్లేమో ఇంకా నాన్నగారి పేరు మీదే.

నేను చేసింది ఇదీ. పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా ఫోన్‌లో రాసుకున్నాను. చిరునామా కూడా డోర్ నంబర్, వీధి, ఊరు, పిన్‌కోడ్ అదే వరుసలో. ప్రతి ఫారంలోనూ అదే కాపీ చేసి పెట్టడం, చేత్తో మళ్లీ కొట్టకపోవడం. తర్వాత పాస్‌పోర్టు, ఆధార్ జిరాక్సులతో బ్రాంచికి వెళ్లి ఖాతాలో పేరు మార్పించి, చివరి 3 నెలల స్టేట్‌మెంటు ఇంగ్లీషులో తీసుకుని బ్యాంకు ముద్ర వేయించుకున్నాను. చిరునామాకు రుజువుగా అదే ఇచ్చాను. ఇది మాత్రం ఆఖరున తీసుకోండి, పాతబడితే మళ్లీ అడుగుతారు.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే ఈ పద్ధతి పనిచేయదు. మన వైపు పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇది కనిపిస్తుంటుంది. ముందు రీఇష్యూకి పెట్టి ఆ గడి నింపించుకున్నాకే మిగతావి మొదలుపెట్టండి.