ఉక్కపోతలో పరిగెత్తితే కాళ్లకు బొబ్బలా?

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే పరిగెత్తేవాళ్లకు ఒక మాట. బొబ్బ లేస్తే అందరూ బూట్లను తిడతారు. నన్నడిగితే సగం తప్పు సాక్స్‌దే. కాటన్‌వి చెమట పీల్చుకుని తడి వదలవు. నానిన చర్మానికి రాపిడి తోడైతే ఇంకేముంది! పాలిస్టరో నైలానో కలిసినవి వేసుకోండి. మడమ వెనక, వేళ్ల సందుల్లో వాజలీన్ పల్చగా రాయండి.

ఇంకోటి. ఉక్కకు తాళలేక నెత్తిన నీళ్లు గుమ్మరించుకుంటాం కదా, అవి కాళ్ల వెంట కారి నేరుగా బూట్లలోకే పోతాయి. నేనోసారి అలాగే పచక్ పచక్‌మంటూ పది కిలోమీటర్లు పరిగెత్తి, రెండు రోజులు కుంటుతూ తిరిగాను. నీళ్లు పోసుకునేటప్పుడు బాగా ముందుకు వంగండి. దారిలో ఎక్కడైనా చురుక్కుమంటే వెంటనే ఆగి అక్కడ మెడికల్ టేప్ (గాయాలకు అంటించేది) వేయండి. వాజలీన్ మీద అది అంటదు, ముందు శుభ్రంగా తుడవాలి.